పరికరం సక్రమంగానే పనిచేస్తోంది

కుత్బుల్లాపూర్‌లో చెవికి సెలవు దొరకదు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో షిఫ్టు మారుతుంది కానీ మోత మారదు. సుచిత్ర చౌరస్తాలో హారన్ కొట్టనివాడికి లైసెన్సు ఇవ్వరేమో అనిపిస్తుంది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాలు నెత్తిమీద గిరికీలు కొడుతుంటాయి. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే కొంపల్లి ఫంక్షన్ హాళ్ల బరాత్‌లు మేడ్చల్ రోడ్డును తమ పేరిట రాయించుకుంటాయి. గణపతి వస్తే డీజే, బోనాలొస్తే డీజే, గల్లీ నాయకుడి పుట్టినరోజైతే రెండు డీజేలు. ఆఖరికి షాపూర్‌నగర్ చాయ్ బండి మీద అరచేతిలో ఇమిడే డబ్బా కూడా పది రూపాయలు ముట్టాయని పది గజాల దాకా చాటింపు వేస్తుంది. ఇంత శబ్దసంపద ఉన్న నియోజకవర్గంలో నోరు విప్పని ప్రాణి ఒక్కటే: నిన్న రాత్రి అప్‌డేట్ అయిన కంప్యూటర్.

2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చారు. పాపం, అంత శ్రమ దేనికి? ఆ డీజే పెట్టెలకు ఒక్కో అప్‌డేట్ కొట్టించి ఉంటే సరిపోయేది.

మూగబోయిన కంప్యూటర్‌ను ఏమైందని అడిగి చూడండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే సౌండ్ కార్డు పేరు నిక్షేపంగా ఉంటుంది. దాని మీద రెండుసార్లు నొక్కితే ఒక ధ్రువపత్రం బయటికొస్తుంది: ఈ పరికరం సక్రమంగా పనిచేస్తోంది. సంతకం లేదు, ముద్ర లేదు. అయినా ఏ తహసీల్దారూ ఇంత ధీమాగా పత్రం ఇచ్చి ఉండడు. స్పీకరు మూగ, హెడ్‌ఫోను మూగ, పచ్చ పిన్ను తీసి గులాబీ రంధ్రంలో పెట్టినా మూగే. పరికరం మాత్రం సక్రమం. పనిచేస్తోందో లేదో తేల్చాల్సింది చెవి అనుకునేవాళ్లు పాతకాలం మనుషులు. రికార్డులో పనిచేస్తోంది కదా, అది చాలు.

లినక్స్‌వాళ్లు కాస్త నిజాయితీపరులు. శబ్దం పంపడానికి దారి దొరకకపోతే సెట్టింగుల్లో ‘డమ్మీ ఔట్‌పుట్’ అని ఒప్పుకుంటారు. మన ఎన్నికల్లో డమ్మీ అభ్యర్థి ఉంటాడు. అసలు అభ్యర్థి నామినేషన్ చెల్లకపోతే బరిలోకి దిగుతాడు. ఈ డమ్మీ ఎప్పటికీ దిగదు. పాట నొక్కితే తెర మీద గీత కదులుతుంది, సెకన్లు లెక్క పడతాయి, పల్లవి అయిపోతుంది, చరణాలు అయిపోతాయి, పాట ముగుస్తుంది. కచేరీ మొత్తం జరిగింది, విన్నవాడు ఒక్కడూ లేడు.

చింతల్‌లోనో సూరారంలోనో ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్న కుర్రాడి సంగతి చూడండి. తెర మీద ముగ్గురు పెద్దమనుషులు పెదాలు కదుపుతున్నారు. “సార్, వినపడట్లేదు” అని ఇతను కంగారుగా అంటాడు. “మాకు నువ్వు బాగానే వినపడుతున్నావు” అని వాళ్లు భరోసా ఇస్తారు. ఆ భరోసా కూడా వినపడదు. సాయంత్రం సీపీయూను బండి ముందు పెట్టుకుని గల్లీ చివరి సిస్టమ్ సర్వీసింగ్ షాపుకు వెళ్తాడు. అక్కడ జరిగే మాటలు ఏ గల్లీలోనైనా ఇవే.

“అన్నా, సౌండ్ వస్తలేదు. నిన్నటిదాంక మంచిగనే ఉండె.”

“అప్‌డేట్ కొట్టినవా తమ్మీ?”

“నేను కొట్టలే అన్నా. అదే కొట్టుకుంది.”

“గట్లయితే ఫార్మాట్ కొట్టాలె.”

“సౌండ్ కోసం ఫార్మాటా అన్నా?”

“ఏది పోయినా ఫార్మాటే. డాటా కావాల్నంటే మూడొందలు ఎక్స్‌ట్రా.”

ఆ అన్నను వెక్కిరించడం తేలిక. కానీ అతని పైన ఉన్న మెట్లు లెక్కపెట్టండి. బోర్డు చేసినవాడు ‘మాది కాదు, డ్రైవర్‌ది’ అంటాడు. డ్రైవర్ రాసినవాడు ‘మాది కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ది’ అంటాడు. ఆపరేటింగ్ సిస్టమ్ వాడు ‘మాది అసలే కాదు, మీ కార్డు పాతది’ అంటాడు. ఇందరు మహానుభావులు చేతులు దులుపుకున్నాక అన్న చేతిలో మిగిలిన అధికారం ఒక్కటే. అందుకే ఫార్మాట్ కొడతాడు.

అసలు రోగం ఎక్కడ మొదలైంది? సింగపూర్ కంపెనీ క్రియేటివ్ 1989లో సౌండ్ బ్లాస్టర్ తెచ్చిన రోజుల్లో కార్డును గుర్తించే పూచీ మనిషిది. చిరునామా 220, ఇంటరప్ట్ 5, డీఎంఏ 1 అని డాస్ ఫైల్లో మనమే రాసుకోవాలి. ఇంకో కార్డుతో ఇంటరప్ట్ తగువొస్తే డబ్బా విప్పి, జంపర్ పీకి, మరో చోట గుచ్చాలి. నరకమే. అయితే ఆ నరకంలో ఒక సుఖం ఉండేది: రాసింది మనమే కాబట్టి ఏది చెడిందో మనకు తెలిసేది. 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చి, తగిలిస్తే చాలు మిగతాది మేం చూసుకుంటాం అంది. ప్లగ్ అండ్ ప్లే అన్నారు దాన్ని. జనం దాన్నే ప్లగ్ అండ్ ప్రే అన్నారు: తగిలించు, ఆపై దేవుడికి దణ్ణం పెట్టుకో.

లినక్స్ లోకంలో ఈ గుర్తింపు వ్యవహారం పట్టాభిషేకాల చరిత్రలా సాగింది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో శబ్దం సంగతి చూసే పాత ఓఎస్ఎస్ గద్దె దిగి ఆల్సా ఎక్కింది. అదే కాలంలో పరికరాలకు పేర్లు పెట్టే డెవ్‌ఎఫ్‌ఎస్‌ను పక్కకు నెట్టి, గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ రాసిన యూడెవ్ వచ్చింది. రెడ్ హ్యాట్‌లో కుడ్జూ, డెబియన్‌లో డిస్కవర్ అనే గుమాస్తాలు బూటయ్యేటప్పుడు కొత్తగా ఎవరొచ్చారో చూసుకునేవి. వాటి మీదికి హాల్ అనే మరో గుమాస్తా వచ్చింది. హాల్‌ను సాగనంపి ఆ పని కూడా యూడెవ్‌కే అప్పగించారు. 2007లో ఫెడోరా 8 అనే లినక్స్ పంపిణీ, ప్రోగ్రాముల శబ్దాలను కార్డుకు చేర్చే పల్స్ ఆడియోను సింహాసనం ఎక్కించింది, 2021లో ఫెడోరా 34 దాన్ని దించి పైప్‌వైర్‌ను కూర్చోబెట్టింది. ప్రతి పట్టాభిషేకానికీ దండోరా ఒకటే: పాత పాలన అస్తవ్యస్తం, ఇక అన్నీ వాటంతటవే జరుగుతాయి.

వాటంతటవే జరిగాయి కూడా. మునుపు ఏ డ్రైవర్ ముందు ఎక్కాలో, ఏది తర్వాత ఎక్కాలో ఒక ఫైల్లో వరస రాసి ఉండేది. యూడెవ్ వచ్చాక ఏ పరికరం ముందు చెయ్యెత్తితే దాని డ్రైవర్ ముందు ఎక్కుతుంది. అన్నీ ఒకేసారి చెయ్యెత్తుతాయి. ఈ రోజు ముందు పలికింది రేపు వెనకబడొచ్చు. బూట్ కావడం నాలుగు సెకన్లు తగ్గిందని ఊళ్లో సంబరం. ఆ నాలుగు సెకన్ల ఖరీదు సౌండ్ కార్డు కట్టింది.

ఎలాగంటారా? ఆల్సా తనకు దొరికిన సౌండ్ కార్డులకు వచ్చిన వరసలో 0, 1, 2 అని అంకెలు వేస్తుంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే ప్రోగ్రాములు పాటను సున్నాకే పంపుతాయి. అందరూ ఎగబడే కుర్చీ అదే. మదర్‌బోర్డు మీద ఉన్న అసలు కార్డు ఒళ్లు విరుచుకుని లేచేలోగా గ్రాఫిక్స్ కార్డులోని హెచ్‌డీఎంఐ ఆడియో వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. దాని తీగ చివర ఉన్న మానిటర్‌కు స్పీకర్లే ఉండవు. ఒక్కోసారి ఆ అదృష్టం వెబ్‌క్యామ్‌ను వరిస్తుంది. వెబ్‌క్యామ్‌కు మైకు ఉంది కాబట్టి సౌండ్ కార్డుల జాబితాలో దానికీ చోటుంది. వినడానికి చెవి ఉంది, మాట్లాడటానికి నోరు లేదు. సభలో పాటలన్నీ దాని ముందు పెట్టి, పాడవేమని అడుగుతుంటారు.

ఈ సంగతి పైవాళ్లకు తెలియదనుకోకండి. ఉబుంటులో ఆల్సా సెట్టింగుల ఫైలు తెరిస్తే యూఎస్‌బీ ఆడియోకు ఇండెక్స్ మైనస్ 2 అని రాసి ఉంటుంది. మొదటి కుర్చీ తప్ప ఎక్కడైనా కూర్చో అని దానర్థం. తేడా డ్రైవర్లు సున్నాను ఆక్రమించకుండా ఈ ఏర్పాటు అని పైన కారణం కూడా రాశారు. ఆక్రమణ గురించి గాజులరామారంవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 2025 సెప్టెంబరులో అక్కడ 300 ఎకరాలకు పైగా సర్కారు భూమి మీద ఆక్రమణలను హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ జేసీబీలతో తొలగించింది. భూమికి కనీసం సర్వే నంబరు ఉంటుంది. సున్నా నంబరు కార్డుకు అదీ లేదు. ఎవడు ముందొస్తే వాడిదే పట్టా.

కుత్బుల్లాపూర్‌లో పాత ఇల్లున్నవాళ్లకు ఈ తంతు కొత్త కాదు. తాత ఇల్లు కట్టినప్పుడు అది హైదరాబాద్ జిల్లా. 1978లో రంగారెడ్డి జిల్లా అయింది. 2007లో కుత్బుల్లాపూర్ మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా పుట్టింది. ఇల్లు అంగుళం కదల్లేదు. వేపచెట్టు అక్కడే, బోరింగు అక్కడే. దస్తావేజులో ఒక జిల్లా, పదో తరగతి మెమోలో ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా. కౌంటర్ వెనక కూర్చున్నాయన మూడు కాగితాలూ తిప్పి చూసి, “ఇవి మ్యాచ్ అయితలేవమ్మా, అఫిడవిట్ పట్టుకొని రండి” అంటాడు. పేరు మార్చింది కౌంటర్, నిరూపించుకోవాల్సింది ఇల్లు. సౌండ్ కార్డు గతీ ఇదే. స్క్రూ ఎవరూ విప్పలేదు, చిప్పు కాలిపోలేదు, తీగ తెగలేదు. నిన్న సున్నా, నేడు ఒకటి. ఇక అది ఉన్నట్టు రుజువు చూపించే పని యజమానిది.

ఆ రుజువుల యాత్ర ఎలా ఉంటుందో చెబుతాను. మొదట నల్లటి టెర్మినల్ తెరిచి ఏప్లే అనే ఆజ్ఞతో కార్డుల జాబితా పిలవాలి. అందులో మీ కార్డు పేరు కనబడుతుంది. కనబడినంత మాత్రాన సంబరపడకూడదు. తర్వాత ఆల్సామిక్సర్ తెరవాలి. కొత్తగా గుర్తించిన కార్డు చానెళ్లను ఆల్సా మ్యూట్‌లోనే పెడుతుంది. స్తంభాల కింద రెండు ‘ఎమ్’లు కనిపిస్తే నోరు కట్టేసినట్టు లెక్క. ఇది లోపం కాదట, పద్ధతట. పిల్ల పుట్టగానే నోటికి గుడ్డ కట్టి, ఏడవడం కావాలనుకునే తల్లిదండ్రులు గుడ్డ విప్పుకోవచ్చని చీటీ రాసిపెట్టే ఆసుపత్రి ఇంకెక్కడైనా ఉందా? గుడ్డ విప్పాక ఆ సంగతి ఆల్సాకు గుర్తుండేలా మళ్లీ ఒక ఆజ్ఞ ఇవ్వాలి. లేకపోతే కొన్ని మిషన్లలో మళ్లీ ఆన్ చేసేసరికి మళ్లీ గుడ్డ.

ఆ పైన తెలిసినవాళ్ల సలహా: సెట్టింగుల ఫైల్లో సున్నా తీసి ఒకటి రాయి. రాస్తారు. పాట వస్తుంది. ఇంటిల్లిపాదీ ఆనందం. వారం తర్వాత పిల్లవాడు వెబ్‌క్యామ్ పీకి పక్కన పెడతాడు, ఒకటి కాస్తా సున్నా అవుతుంది, మళ్లీ మౌనం. నిజానికి ఆల్సా ప్రతి కార్డుకూ అంకెతో పాటు పీసీహెచ్ లాంటి ఒక చిన్న పేరు కూడా ఇస్తుంది. అంకెకు బదులు ఆ పేరు రాస్తే వరస ఎన్నిసార్లు మారినా పాట దారి తప్పదు. ఇంత సులువైన మందు ఉన్నా సలహాల్లో ఎక్కువ భాగం అంకెల చుట్టూనే తిరుగుతాయి. డిస్కులకు మారని గుర్తింపు సంఖ్యలు రాయడం ఏనాడో అలవాటు చేశారు. డిస్కు పోతే సర్వర్లున్న కంపెనీలు ఫోన్లు చేస్తాయి. చెవి పోతే చింతల్ కుర్రాడు చేస్తాడు. ఎవరి ఫోను ముందెత్తుతారో వేరే చెప్పాలా?

ఈపాటికి విండోస్ వాడుకరులు మీసం మెలేస్తుంటారు. కొంచెం ఆగండి. 2007లో విస్టా వచ్చినప్పుడు, ఆటల్లోని శబ్దాలు నేరుగా సౌండ్ కార్డుకు చేరే దారిని మైక్రోసాఫ్ట్ మూసేసింది. వేలు పోసి కొన్న సౌండ్ బ్లాస్టర్లు ఒక్క రాత్రిలో మామూలు కార్డులైపోయాయి. విస్టాలో కార్డులు మళ్లీ బాగా పనిచేసేలా డ్రైవర్లను సరిదిద్ది ఉచితంగా పంచిన ఒక అభిమానిని 2008 మార్చిలో క్రియేటివ్ బహిరంగంగా మందలించింది. మా తప్పును దిద్దే హక్కు నీకెవరిచ్చారన్నది దాని సారాంశం. వాడుకరులు తిరగబడ్డాక కంపెనీ కొంచెం తగ్గింది.

పాత కథలు వద్దంటే తాజావి ఉన్నాయి. 2024 డిసెంబరులో విండోస్ 11 కొత్త వెర్షన్ 24హెచ్2 ఎక్కించుకున్న కంప్యూటర్లలో, డిరాక్ అనే శబ్దాన్ని మెరుగుపరిచే సాఫ్ట్‌వేర్ ఉన్న కొన్నిటికి స్పీకర్లు, బ్లూటూత్, హెడ్‌సెట్ అన్నీ మూగబోయాయి. శబ్దాన్ని మెరుగుపరిచే సరుకు ఉన్నందుకే శబ్దం పోయింది. 2025 జనవరి భద్రతా అప్‌డేట్ తర్వాత యూఎస్‌బీ డీఏసీలు, అంటే శబ్దాన్ని శుభ్రంగా అందించే బయటి డబ్బాలు, కొన్నిచోట్ల పనిచేయడం మానేశాయి. సరిదిద్దేలోగా మైక్రోసాఫ్ట్ చెప్పిన ఉపాయం: ఆ డబ్బా వాడకుండా హెడ్‌ఫోన్ నేరుగా కంప్యూటర్‌కే తగిలించుకోండి. కాలు నొప్పి అంటే నడవడం మానేయమన్న వైద్యుడికి ఫీజు ఎందుకివ్వాలో రోగికి అర్థం కాదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌కు కొన్న పాత తరం ఐ3 సిస్టమ్‌లకు ఆ అర్హత లేదు. ట్యూషన్ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో, ఇద్దరు పిల్లలున్న ఇళ్లలో నడుస్తున్నవి అవే. కొన్ని పాత విండోస్‌తోనే బిక్కుబిక్కుమంటూ ఉన్నాయి, కొన్ని లినక్స్ శరణుజొచ్చాయి. ఏ గుమ్మం తొక్కినా మొదటి ప్రశ్న ఒక్కటే: మీ దగ్గర సౌండ్ కార్డు ఉందని మేం ఎలా నమ్మాలి?

ఇక్కడి దాకా నవ్వుకున్నాం. ఇక నవ్వలేని మాట. కళ్లు కనిపించనివాళ్లు కంప్యూటర్‌ను చెవితో చదువుతారు. విండోస్‌లో ఎన్‌వీడీఏ, లినక్స్‌లో ఓర్కా లాంటి స్క్రీన్ రీడర్లు తెర మీద ఉన్నది చదివి వినిపిస్తాయి. ఎన్‌వీడీఏను 2006లో మొదలుపెట్టిన మైఖేల్ కర్రన్, ఆయనతో కలిసి నడిచిన జేమ్స్ టే ఇద్దరూ చూపులేని ఆస్ట్రేలియన్లే. ఇలాంటి వాడుకరికి శబ్దం పోవడమంటే పాట పోవడం కాదు. తెర పోయింది, కీబోర్డు గుడ్డిదైంది, మొత్తం మిషనే పోయింది. శబ్దాన్ని బాగుచేసే సూచనలు చదవాలంటే శబ్దం ఉండాలి. టెర్మినల్ తెరవమని, ఆల్సామిక్సర్‌లో స్తంభాల కింద అక్షరాలు చూడమని చూపులేని ఆ వాడుకరికి చెప్పేవాడెవడో ముందుకు రావాలి. కార్డు వరస మార్చిన ఇంజినీరుకు అది బూట్‌లో మిగిల్చిన నాలుగు సెకన్లు. ఇటువైపు మనిషికి అది కళ్లున్నవాడొకడు ఇంటికొచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చునే రోజు.

మార్పే వద్దనడానికి నేను ఇంటరప్ట్ నంబర్ల కాలపు భక్తుణ్ణి కాదు. నడుస్తున్న మిషన్‌కు పెన్‌డ్రైవ్, హెడ్‌సెట్, కెమెరా తగిలించి పీకే రోజుల్లో పాత ఫైళ్లు, పాత వరసలు చెల్లవు. యూడెవ్ రావాల్సిందే, వచ్చింది. పైప్‌వైర్ బ్లూటూత్‌ను మునుపటికన్నా మర్యాదగా చూసుకుంటోంది. కొత్త గుర్తింపు పద్ధతి తెచ్చినవాళ్ల ప్రతిభ మీద నాకు అనుమానం లేదు, మర్యాద మీదే ఉంది. ఇంట్లో సామాను సర్దిపెడతామని వచ్చి, సర్దాక ఇంటావిడను ఒక్క మాట అడక్కుండా, అంతా సక్రమం అని గోడ మీద రాసి వెళ్లిపోయారు.

అడగడం వాళ్లకు చేతకాదా అంటే చేతనవును. విండోస్‌లో తెర రిజల్యూషన్ మార్చి చూడండి. వెంటనే ఒక చిన్న పెట్టె వచ్చి, ఈ మార్పు ఉంచమంటారా అని అడుగుతుంది. 15 సెకన్లలో మీరు ఔననకపోతే, బహుశా వీళ్లకు ఏమీ కనిపించడం లేదు అని తనంతట తానే గ్రహించి పాత స్థితికి వెళ్లిపోతుంది. లినక్స్ డెస్క్‌టాపులూ ఇదే మర్యాద పాటిస్తాయి. తెర చీకటైతే మనిషి జవాబు చెప్పలేడని ఆలోచించిన పుణ్యాత్ముడు ఆ కంపెనీల్లో ఎప్పుడో ఒకడు ఉన్నాడన్నమాట. చెవుల విభాగంలో అలాంటివాడు ఇంకా ఉద్యోగంలో చేరలేదు.

కాబట్టి రెడ్‌మండ్ మైక్రోసాఫ్ట్ దొరలకు, రెడ్ హ్యాట్ దొరలకు, ప్రపంచంలోని సమస్త లినక్స్ పంపిణీల పెద్దలకు మా డిమాండు ఒక్కటే. సౌండ్ కార్డును గుర్తించే పద్ధతి మార్చుకోండి, రోజుకొకటి మార్చుకోండి. మార్చిన ప్రతిసారీ మొదటి బూట్‌లో ఒక గంట కొట్టి, వినిపించిందా అని అడగండి. తెర మీద పెట్టె చూపించి ఒక మీట, కళ్లు లేనివాళ్లకు ఎప్పుడూ మారని ఒక మీట, ఏదో ఒకటి నొక్కమనండి. జవాబు రాకపోతే పాత కార్డును, పాత వరసను, పాత డ్రైవర్‌ను ఎక్కడివక్కడ పెట్టేయండి. పరికరం సక్రమంగా పనిచేస్తోందని రాసే హక్కు అప్పటిదాకా మీకు లేదు. కంటికి 15 సెకన్లు ఇచ్చినవాళ్లు చెవికీ అంతే ఇవ్వండి.